చుక్కల గది పట్టాలు

అద్దాలాయన కొట్లో అడుగుపెట్టినవాళ్ళెవరూ కళ్ళు చూపించుకోకుండా బయటపడింది లేదు. గొడుగు మరిచిపోయి వెనక్కొచ్చినవాణ్ణి కూడా కుర్చీలో కూలేసి, అరచేత్తో ఒక కన్ను మూసి, ఎదురుగా ఉన్న అక్షరాల పలక చదివించేవాడు. "కనబడుతోందండీ" అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఏం కనబడుతోందో చెప్పండి" అనేవాడు. కాస్త వయసు మళ్ళినవాళ్ళయితే వెళ్ళేముందు ఇంకో మాట తప్పకుండా చెప్పి పంపేవాడు. "పొద్దున లేవగానే ఒక కన్ను మూసి రెండో కంటితో కిటికీ ఊచల వంక చూడండి. తర్వాత ఆ కన్ను మూసి ఈ కంటితో చూడండి. తిన్నటి ఊచ మధ్యలో వంగినట్టు కనబడిందా, ఆ పూటే రండి. పెద్దాసుపత్రికి పంపిస్తాను. రేపు చూద్దాంలే అనుకుంటే నడిమి చూపు పోతుంది. పోయిందంటే మళ్ళీ రాదు."

ఊళ్ళో సగం మందికి ఈ మాట చెప్పి ఉంటాడు. ఇంట్లో ఉన్న ఒక్క మనిషికి చెప్పలేదు. ఆ మనిషి ఆయన భార్య. చెప్పకపోవడం సరే, పనుల్లో పడి మరిచిపోయాడనుకుందాం. ఆవిడే నోరు తెరిచి చెప్పినప్పుడు ఈ మహానుభావుడు ఏం చేశాడన్నదే ఈ కథ. ఆవిడ కుడికన్ను ఆ చెప్పిన రోజుకీ ఈయన విన్న రోజుకీ మధ్యలో పోయింది.

ఆవిడ ఇంటి ముందుగదిలో బట్టలు కుట్టేది. వీధిలో అందరికీ కుట్టు పిన్ని. సుద్దతో గీత గీయకుండా బట్టను అడ్డంగా కత్తిరిస్తే అంచు చివరిదాకా తిన్నగా వచ్చేది. గోడకి తగిలించిన పటం వెంట్రుకవాసి పక్కకి ఒరిగినా గుమ్మంలోంచే పసిగట్టేది. ఎదురింట్లో తలుపులు బిగించేటప్పుడు కూడా "పిన్నిగారూ, ఒకసారి వచ్చి చూసిపోండి" అని పిలిచేవాళ్ళు. ఎడమ కన్ను మూసి, కుడికన్ను చికిలించి, చెక్క అంచు వెంట ఒక్క చూపు చూసి "పైన కొంచెం ఇటు" అనేది. రసమట్టం పెట్టి చూస్తే అంతే ఉండేది. పెళ్ళాం కన్ను గురించి చెప్పుకోవడం అద్దాలాయనకి మహా ముచ్చట. "మా ఇంట్లో రసమట్టం నడుస్తూ తిరుగుతుంది" అనేవాడు కొట్టుకొచ్చినవాళ్ళతో.

ఇక ఆయన పిచ్చి ఆకాశం. కొట్టు వెనక గదిలో, గిరాకీ లేని వేళల్లో, రెండు గాజు బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పెట్టి, నడుమ గరుకు పొడి వేసి, ఏళ్ళ తరబడి రుద్దాడు. పైబిళ్ళ గుంటపడి, నునుపు తేరి, వెండిపూతకి వెళ్ళి, టెలిస్కోపుకి తగ్గ అద్దమై ఇంటికొచ్చేసరికి ఆయన తల నెరిసింది. "ఆ అద్దం నాకు సవతి" అనేది ఆవిడ. "కాకపోతే సవతికి నాకంటే ఎక్కువ సేవలు చేశారు." అద్దాలాయన నవ్వి, "టెలిస్కోపు నిలబెట్టిన రోజు మొదటి చూపు నీదే. నేను కూడా నీ తర్వాతే" అనేవాడు. ఈ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. నిలబెట్టుకోబట్టే నిజం బయటపడింది కూడా.

అద్దం వచ్చాక గొట్టం వచ్చింది. గొట్టం వచ్చాక దాన్ని ప్రతిసారీ బయటికి మోసుకెళ్ళి, నిలబెట్టి, సరిచూసుకునేసరికి మబ్బు కమ్మేయడం మొదలైంది. అప్పుడు పుట్టింది పెరట్లో చుక్కల గది ఆలోచన. నేలలోంచి లేచిన సిమెంటు దిమ్మ, దాని మీద టెలిస్కోపు. గది గచ్చుకీ దిమ్మకీ నడుమ నాలుగు వేళ్ళు పట్టే సందు, మనిషి అడుగు వేస్తే ఆ అదురు పైకి పాకకుండా. చుట్టూ మనిషి కంటి ఎత్తు గోడలు. పైన రేకుల కప్పు, కప్పుకి గాడి చక్రాలు. గోడల మీదుగా రెండు ఇనుప పట్టాలు బయటికి సాగి పెరట్లో పాతిన స్తంభాల మీద ఆనుకుంటాయి. కప్పుని భుజంతో తోస్తే మొత్తానికి మొత్తం పట్టాల మీద పక్కకి జరిగిపోవాలి. గది నెత్తిన ఆకాశం తప్ప ఏమీ మిగలకూడదు. పట్టాలు కాస్త వంకరపోయినా చక్రం గాడి తప్పి కప్పు ఇరుక్కుంటుంది. అందుకని ఆ గదికి ప్రాణం పట్టాల్లో ఉందని ఆయన అందరికీ చెప్పేవాడు.

ఇనుప పనికి ఆవిడ తమ్ముడు వచ్చాడు. వెల్డరు. చేతిలో పని ఎంత శుభ్రమో నోట్లో మాట అంత ఇష్టారాజ్యం. "బావా, కప్పు తీస్తే చుక్కలు, మూస్తే కోళ్ళగూడు. రెండిందాలా పనికొస్తుంది" అంటూనే పనిలోకి దిగాడు. గది లేస్తున్నకొద్దీ అద్దాలాయన మనిషి మారిపోయాడు. నిద్రలో కూడా చక్రాలే. వంటింటి కుళాయి కారుతోందంటే "గది పూర్తయ్యాక" అన్నాడు. చుట్టాలింటికి వెళ్ళొద్దామంటే "గది పూర్తయ్యాక" అన్నాడు. పడమటి కిటికీ రెక్క ఊడి వేలాడుతుంటే దానికీ అదే మాట. ఆవిడ మొదట్లో నవ్వింది. తర్వాత అడగడం మానేసింది.

పట్టాలు బిగించిన రోజు సంగతి ఇక. వానలు ఇంకా మొదలవలేదు. బావమరిది రెండు పట్టాలూ అతికి, చెమట తుడుచుకుని పక్కకి నిలబడ్డాడు. "దారం పట్టి చూద్దామా బావా" అన్నాడు. "మీ అక్క కన్ను ఉండగా దారం ఎందుకురా" అని అద్దాలాయన ఆవిడని కేకేశాడు. ఆవిడ ఒళ్ళోని బట్ట పక్కనబెట్టి, మెడలో టేపుతోనే వచ్చింది. గోడలు సరిగ్గా ఆవిడ కంటి ఎత్తుకి ఉన్నాయి. పట్టా కొసన నిలబడి, ఎడమ కన్ను మూసి, కుడికన్ను చికిలించింది.

"నడుమ దగ్గర వంగింది" అంది.

"ఎటు?"

"అటు పెరటి వైపు. రెండోది కూడా అంతే."

అద్దాలాయన ఆ మాట నమ్మేశాడు. బావమరిది మాత్రం గొణిగాడు. అయినా అక్క మాట కాబట్టి అతుకులు కోసేసి, మధ్యాహ్నమంతా ఎండలో మాడి, మళ్ళీ బిగించాడు. సాయంత్రం ఆవిడని మళ్ళీ పిలిచారు. ఆవిడ మళ్ళీ ఎడమ కన్ను మూసి చూసింది. కొంచెం ఎక్కువసేపే చూసింది.

"ఇంకా వంకరగానే ఉంది. నీళ్ళలో పెట్టిన కర్రలా ఉంది" అంది.

బావమరిది ఇక తట్టుకోలేక లోపలికెళ్ళి ఆవిడ కుట్టు పెట్టెలోంచే దారపుండ తెచ్చాడు. ఒక కొస తను పట్టుకుని, ఒక కొస బావకిచ్చి, పట్టా అంచు వెంట బిగించి లాగాడు. దారం ఈ చివరినుంచి ఆ చివరిదాకా పట్టాకి అంటుకుని ఉంది. చీమ దూరే సందు లేదు. రెండో పట్టాకీ అంతే. "పొద్దున కూడా ఇంతే తిన్నగా ఉండుంటుంది బావా. అక్క మాట విని చక్కటి అతుకులు కోసేశాను" అన్నాడు తమ్ముడు, నవ్వాలో ఏడవాలో తెలియని మొహంతో.

ఆయన కోపం ముక్కు మీదే ఉంటుంది. రోజంతా ఎండ, పోయిన పని, అన్నీ కలిసి నెత్తికెక్కాయి. "పట్టాలో ఏ వంకరా లేదు. వంకరంతా నీ కంట్లో ఉంది" అన్నాడు. "ఇంకెప్పుడూ ఈ గది జోలికి రాకు. పని చెడగొట్టడానికి తప్ప దేనికీ రావు."

వినండి, ఎంత చక్కగా చెప్పాడో. నోటితో జబ్బు పేరు తప్ప అన్నీ చెప్పాడు. కొట్లో ఏ ముసలాయనో వచ్చి తిన్నటిది వంకరగా కనబడుతోందంటే, కుర్చీలోంచి లేవనిచ్చేవాడా? చెయ్యి పట్టుకుని తనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేవాడు. ఇక్కడ ఆయన కళ్ళముందున్నది పట్టా. పట్టా తిన్నగా ఉందని తేలగానే ఆయన పని అయిపోయింది. బావమరిది పకపకా నవ్వాడు. ఆవిడ కూడా ఒకరకంగా నవ్వి, దారపుండ చుట్టుకుంటూ లోపలికెళ్ళిపోయింది.

తర్వాత అన్నీ ఆయన కళ్ళెదుటే జరిగాయి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఆవిడ తల పక్కకి తిప్పి పెట్టేది. "మెడ పట్టేసిందా? దిండు మార్చు" అన్నాడు. నల్లబట్ట మీద నల్లదారం పని వస్తే తిప్పి పంపడం మొదలుపెట్టింది. "అంత గిరాకీ ఉందన్నమాట" అని సంతోషించాడు. ఎదురింటివాళ్ళు మేడ మీద గుమ్మం నిలబెడుతూ పిలిస్తే ఆవిడ వంక పెట్టి వెళ్ళలేదు. అది ఆయన చెవిన పడనేలేదు. ఒకనాటి సాయంత్రం ఆయన చక్రాలకి గ్రీజు పూస్తుంటే పెరటి గుమ్మంలో నిలబడి, "ఏమండీ, మీతో ఒక మాట చెప్పాలి" అంది.

"ఏదైనా గది పూర్తయ్యాక" అన్నాడు చక్రం మీంచి తలెత్తకుండా.

ఆవిడ కాసేపు అక్కడే నిలబడింది. కప్పు చక్రం ఎంత నున్నగా తిరుగుతోందో చూపిస్తూ ఆయన ఏదో చెప్పాడు. "బాగుంది" అని వెళ్ళిపోయింది. ఆ నిలబడ్డ కాసేపు ఆయనకి ఇప్పుడు కంటి మీద కునుకు పట్టనివ్వదు. చేతులకి గ్రీజుంటే ఏం, చెవులకి లేదు కదా.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. ఆకాశం తేటపడింది. గది పూర్తయింది. సున్నం వేసి, దిమ్మ మీద టెలిస్కోపు బిగించి, పొద్దుగూకుతుండగా అద్దాలాయన కప్పుకి భుజం ఆనించి తోశాడు. కప్పు కిర్రుమనకుండా జరిగిపోయింది. పైన సగం చంద్రుడు, ఇంకా పూర్తిగా చీకటిపడని ఆకాశంలో. బావమరిది చప్పట్లు కొట్టాడు. అద్దాలాయన టెలిస్కోపు చంద్రుడి మీదికి తిప్పి, తను కంటి కటకంలోంచి చూడకుండా, పక్కనున్న చిన్న గొట్టంలో గురి మాత్రం సరిచూసి, లోపలికి పరిగెత్తాడు. "రా, రా. నీ చూపు కోసం చంద్రుణ్ణి నిలబెట్టి వచ్చాను" అన్నాడు.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొహంలో ఏదో జంకు. కొత్త కదా అనుకున్నాడు. కంటి కటకం దగ్గరికి ఆవిడ తల వంచింది, ఎడమ కన్ను పెట్టబోయింది. "అది కాదు, నీ కన్ను ఇది కదా" అని, ఆయన కొట్లో అందరికీ చేసినట్టే, తన అరచేత్తో ఆవిడ ఎడమ కన్ను మెత్తగా మూశాడు. ఆవిడ కుడికన్ను పెట్టింది.

"కనబడుతోందా?"

"ఆ. కనబడుతోంది."

అలవాటు ఊరుకోనిస్తుందా. "ఏం కనబడుతోందో చెప్పు" అన్నాడు.

"చుట్టూ వెలుగుంది" అంది చివరికి. "మధ్యలో ఏం లేదు. బొటనవేలితో చెరిపేసినట్టుంది."

కటకం మీద మరక అనుకున్నాడు. జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తుడిచాడు. మళ్ళీ చూడమన్నాడు. మళ్ళీ అంతే అంది. ఆ కటకం తీసి ఇంకోటి బిగించాడు. అంతే. బావమరిది ఆగలేక, "నన్నోసారి చూడనీ" అని దూరి కన్ను పెట్టాడు. "బాగానే ఉంది కదా బావా. గుంటలు, గీతలు, అన్నీ ఉన్నాయి. చెయ్యి చాపితే అందేట్టుంది" అన్నాడు.

అప్పుడు గుభేలుమంది అద్దాలాయన గుండె. ఆవిడని మళ్ళీ దగ్గరికి తీసుకుని, ఈసారి అరచేతిని కుడికన్ను మీదికి మార్చాడు. ఆవిడ ఎడమ కన్ను పెట్టింది.

"అబ్బ" అంది.

చూస్తూ ఉండిపోయింది. ఎన్నేళ్ళుగానో వింటున్న చంద్రుడు. అంచు వెంట కొండల నీడలు, గుంటల్లో గుంటలు. "ఇక్కడ చూడండి, కుట్టు ఊడిపోయినట్టు ఒక గీతుంది" అంది చిన్నగా నవ్వుతూ. పక్కన నిలబడ్డ ఈయన చేతి కింద ఆవిడ కుడికన్ను ఉంది. రెప్ప కొట్టినప్పుడల్లా వెంట్రుకలు అరచేతికి తగులుతున్నాయి. కన్ను వెచ్చగా, మెత్తగా, ఎప్పటిలాగే ఉంది. అందులో చూపు లేదని చేతికి తెలియదు. ఆవిడ తనివితీరా చూసేదాకా ఆయన చెయ్యి తియ్యలేదు. ఇంత తప్పు చేసిన మనిషి ఆ కాస్త మంచి పని చేశాడు.

బావమరిదిని పంపేసి, ముందుగదిలో కుట్టుమిషను పక్కన ఇద్దరూ కూర్చున్నారు.

"ఎప్పట్నించి?" అన్నాడు.

"పట్టాలప్పట్నించి."

"నాకు చెప్పలేదేం?"

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "చెప్పాను కదండీ" అంది. "వంకరగా ఉందని."

ఆవిడే మెల్లిగా మిగతాది చెప్పింది. మర్నాడు పొద్దున ఆయన కొట్టుకి వెళ్ళాక, ఒంటరిగా పెరట్లోకి వెళ్ళి మళ్ళీ చూసిందట. అనుమానం వచ్చి కుడికన్ను మూసి ఎడమ కంటితో చూస్తే పట్టా తిన్నగా ఉందట. వంకర పట్టాది కాదని అప్పుడే తెలిసిందట. "మీరన్న మాటే నిజమని నవ్వొచ్చింది కూడా" అంది. "ఒకసారి చెబుదామని వచ్చాను. ఏదైనా గది పూర్తయ్యాక అన్నారు. సరే, పాపం ఇన్నేళ్ళ కోరిక, మధ్యలో ఎందుకు చెడగొట్టడం, రెండో కన్ను బాగానే ఉందిగా అనుకున్నాను. ఇంత త్వరగా ఇంత దూరం వస్తుందని నాకేం తెలుసు."

తెలియాల్సింది ఆవిడకి కాదు. తెలిసిన మనిషి ఆ మాట విని లేచి వంటింట్లోకి వెళ్ళి, కారుతున్న కుళాయి ముందు నిలబడి, పసివాడిలా ఏడ్చాడు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఆయనకి బాగా తెలుసు. ఎంతమందిని పంపాడు ఆవిడ దగ్గరికి. "మీరు పంపినవాళ్ళంతా వేళకి వస్తారండీ. మిగతావాళ్ళే అంతా అయ్యాక వస్తారు" అంది పలకరింపుగా, ఇంకా కన్ను చూడకముందు. ఆ మెచ్చుకోలు వింటూ ఆయన నేల చూపులు చూశాడు. దీపం పెట్టి, చుక్కల మందు వేసి, చాలాసేపు చూశాక డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిపింది.

"తిన్నటి గీతలు వంకరగా కనబడుతున్నాయని మొదటిసారి ఎప్పుడు అనిపించింది?"

"ఈమధ్యేనండీ" అంది భార్య, చటుక్కున. మొగుడి మొహం అక్కడ చిన్నబోకూడదని.

"కాదు" అన్నాడు అద్దాలాయన. "వానలకి ముందు. నాతోనే చెప్పింది. నేను వినలేదు."

డాక్టరమ్మ ఆయన్ని ఏమీ అనలేదు. అని ఉంటే కొంచెం తేలికపడేవాడేమో. కంటి వెనక పొరలో అప్పుడు నీరు చేరి ఉంటుందని, ఆ రోజుల్లో సూదిమందు పడి ఉంటే చూపు చాలామటుకు నిలిచేదని, ఇప్పుడు అక్కడ మచ్చ కట్టిందని, అది ఇక పోదని చెప్పింది. ఆయన కొట్లో చెప్పే మాటలే అవి. అవతలి కుర్చీలో కూర్చుని విన్నాడు. ఎడమ కన్ను మాత్రం బాగుందని, దాన్ని కంటికి రెప్పలా చూసుకోవాలని, రోజూ గళ్ళ కాగితం పెట్టి పరీక్షించుకోవాలని, ఏ కాస్త వంకర కనబడినా ఆ పూటే రావాలని అంది. "మీకు నేను చెప్పేదేముంది" అని కూడా అంది.

ఇంటికొచ్చి ఆయన చేసిన మొదటి పని గునపం తీసుకుని పెరట్లోకి వెళ్ళడం. ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడింది. "దాన్నేం చెయ్యకండి. నా కన్ను ఎలాగూ పోయింది, ఈ గది కూడా పోతే అది దేనికోసం పోయినట్టు" అంది. గునపం పక్కన పడేశాడు కానీ ఆ తర్వాత టెలిస్కోపు మీద కప్పిన గుడ్డ తీయలేదు. సాయంత్రం ఆకాశం ఎంత తేటగా ఉన్నా తల వంచుకునే ఇంట్లోకి వచ్చేవాడు. కుళాయి బాగుచేశాడు. కిటికీ రెక్క బిగించాడు. చుట్టాలింటికి వెళ్ళొద్దామా అని తనే అడిగాడు. అడిగినప్పుడల్లా ఆవిడ ఆయన మొహంలోకి చూసి "ఇప్పుడెందుకులెండి" అనేది. కుట్టుపని సగానికి సగం తగ్గించేసుకుంది. కత్తిరించేముందు సుద్దతో గీత గీసుకోవడం నేర్చుకుంది. ఆ గీత గీసే చప్పుడు వినపడితే అద్దాలాయన పక్కగదిలోకి వెళ్ళిపోయేవాడు.

గళ్ళ కాగితం ఆవిడకి నచ్చలేదు. "దీన్ని చూస్తే చూడకుండానే చెప్పెయ్యాలనిపిస్తుంది. నాకు పట్టా అలవాటు. దాన్నే చూస్తాను" అంది. అలా మొదలైంది. పొద్దున్నే ఆయన కొట్టుకి వెళ్ళేముందు ఇద్దరూ పెరట్లోకి వచ్చేవాళ్ళు. ఆవిడ పట్టా కొసన నిలబడేది. ఆయన అరచేత్తో ఆవిడ కుడికన్ను మూసేవాడు. ఎడమ కంటితో పట్టా వెంట చూసి ఆవిడ "తిన్నగానే ఉంది" అనేదాకా ఆయన ఊపిరి బిగబట్టుకునే ఉండేవాడు. ఆ మాట వచ్చాక చెయ్యి తీసి, సైకిలెక్కి వెళ్ళేవాడు. చుక్కలు చూడటానికని కట్టుకున్న గదికి ఆ ఏడాదంతా అదొక్కటే పని. ఆవిడ అప్పుడప్పుడు ఆటపట్టించేది. "ఉండండి, ఇంకా చూడలేదు" అని సాగదీసేది. ఆయన నుదుట చెమట చూసి ఆ ఆట కూడా మానేసింది.

మళ్ళీ వానలు వచ్చాయి. ఈసారి గట్టిగా కురిశాయి. పెరడు బురదబురద అయింది. తెరిపిచ్చిన ఒక పొద్దున ఆవిడ పట్టా కొసన నిలబడి చూసింది. రోజూ అనే మాట అనలేదు.

"ఏం?" అన్నాడు.

"చివర దగ్గర వంగింది" అంది. "కిందికి."

అద్దాలాయన దారం కోసం చూడలేదు. పట్టా వంక కూడా చూడలేదు. కొట్టు తాళాలు మేకుకే వదిలేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని, చెప్పులకంటిన బురదతోనే రిక్షా ఎక్కించాడు. దారంతా ఆవిడ చెయ్యి వదల్లేదు. "ఈసారి వెంటనే వచ్చాం. ఈసారి వెంటనే వచ్చాం" అని ఆవిడకి చెబుతున్నాడో తనకి చెప్పుకుంటున్నాడో, అంటూనే ఉన్నాడు. ఆసుపత్రిలో వరసలో ఉన్నవాళ్ళని బతిమాలి ముందుకెళ్ళాడు. డాక్టరమ్మ చుక్కల మందు వేసి, దీపం పెట్టి, ఈ పక్కనుంచీ ఆ పక్కనుంచీ చూసింది. గళ్ళ కాగితం ఇచ్చి చూడమంది. ఆవిడ గళ్ళన్నీ తిన్నగానే ఉన్నాయంది.

"కన్ను శుభ్రంగా ఉంది" అంది డాక్టరమ్మ. "ఏ మార్పూ లేదు. మీరు వంకరగా చూసింది దేన్ని?"

ఇంటికి తిరిగొచ్చేసరికి బావమరిది గుమ్మంలో ఉన్నాడు. ఎవరో చెబితే పని వదిలేసి పరుగెత్తుకొచ్చాడట. సంగతి విని, అక్క కుట్టు పెట్టెలోంచి దారపుండ తీసుకుని పెరట్లోకి వెళ్ళి, పట్టా వెంట పట్టి లాగాడు. ఇటు కొసనుంచి చాలా దూరం దారం పట్టాకి అంటుకునే వచ్చింది. చివర స్తంభం దగ్గర మాత్రం ఎడం. బొటనవేలు దూరిపోతోంది. స్తంభం కింద నేల వానకి మెత్తబడి కుంగింది, పట్టా దానితోపాటు దిగింది.

"అక్క చెప్పింది నిజమే బావా" అన్నాడు బావమరిది. "వంకర పట్టాలోనే ఉంది."

"ఎడమ కన్ను కూడా రసమట్టమేనన్నమాట" అంది ఆవిడ. ఊపిరి పీల్చుకుని, మొహం కడుక్కుంటానని లోపలికి వెళ్ళింది. లోపల ఆవిడ నవ్వు వినబడింది. చాలా రోజులైంది ఆ నవ్వు విని.

బావమరిది స్తంభం చుట్టూ మట్టి గీకుతూ, "కప్పు ఇప్పుడు జరగదు. రాళ్ళు వేసి కూరితే గానీ నిలబడదు. ఎండలు వచ్చాక చూద్దామా?" అన్నాడు.

"ఇవాళే చెయ్యి. కప్పు జరక్కపోతే జరక్కపోయింది. రేపు పొద్దున్నకి పట్టా తిన్నగా ఉండాలి, మీ అక్క చూడాలి" అన్నాడు అద్దాలాయన.

బావమరిది రాళ్ళు తేవడానికి వెళ్ళాడు. అద్దాలాయన దారపుండ చేతిలో పట్టుకుని పట్టా దగ్గర నిలబడ్డాడు. పోయినసారి ముందు పట్టా పట్టుకుని తర్వాత ఆవిడని తిట్టాడు. ఇప్పుడు ముందు ఆవిడని పట్టుకుని తర్వాత పట్టా చూశాడు. చేసింది సరైన పనే, కానీ ఈ వరస ఏడాది కిందట గుర్తుకొచ్చి ఉంటే ఆవిడకి రెండు కళ్ళూ ఉండేవి. లోపల్నించి సుద్ద గీస్తున్న చప్పుడు వచ్చింది. ఈసారి ఆయన పక్కకి వెళ్ళలేదు.

ఆవిడ నిలబడే చోట నిలబడ్డాడు. ఆవిడ కన్ను ఎన్నోసార్లు మూసిన ఆ అరచేత్తోనే తన ఎడమ కన్ను మూసుకుని పట్టా వెంట చూశాడు. చివర కిందికి దిగి ఉంది. చెయ్యి మార్చి కుడికన్ను మూసుకుని చూశాడు. చివర కిందికే దిగి ఉంది. కళ్ళు రెండూ చక్కగా ఉన్నాయి. ఆవిడ చెప్పిన రోజున కూడా ఆయన కళ్ళు రెండూ చక్కగానే ఉన్నాయి.